దవడ సర్జరీ తర్వాత ముఖం: స్క్రీన్ మీద బొమ్మలో ‘దాదాపు’ అంటే ఎంత?

డాక్టరు గారు కంప్యూటర్ స్క్రీన్‌ని ఇటు తిప్పుతారు. ఎడమవైపు అమ్మాయి ఇప్పటి సైడ్ ఫోటో. కుడివైపు ఆపరేషన్ అయ్యాక ఎలా ఉంటుందో చూపించే బొమ్మ. అందులో మూతి లోపలికి సర్దుకుంది, గడ్డం తేలింది, పెదాలు బిగబట్టకుండానే కలిశాయి. అమ్మాయి ఏమీ మాట్లాడదు, చూస్తూ ఉండిపోతుంది. అడిగేది వాళ్ళమ్మ: “అచ్చం ఇలాగే వస్తుందాండీ?” డాక్టరు గారు ఒక్క క్షణం ఆగి, “దాదాపు ఇలాగేనమ్మా” అంటారు.

ఆ ‘దాదాపు’ అబద్ధమేం కాదు. కాకపోతే ముఖమంతటికీ అది ఒకే కొలత కాదు. గడ్డం దగ్గర ఆ మాటకి ఒక అర్థం, కింది పెదవి దగ్గర ఇంకో అర్థం. ముక్కు దగ్గరికొస్తే ఆ సైడ్ బొమ్మ చూపించనే చూపించని సంగతులు కొన్ని ఉన్నాయి. బొమ్మను మొత్తంగా నమ్మడమో, మొత్తంగా కొట్టిపారేయడమో కాకుండా ఏ భాగాన్ని ఎంత నమ్మాలో తెలియాలంటే అది ఎలా తయారవుతుందో కొంచెం చూడాలి.

ముందు ఎముకల సంగతి. పై దవడని కదపడానికి చేసే కోతని లెఫోర్ట్ 1 అంటారు. రెనే లెఫోర్ట్ అనే ఫ్రెంచ్ సర్జన్ శవాల తలల మీద దెబ్బలు వేసి చూసి, ముఖం ఎముకలు ఏయే గీతల వెంట విరుగుతాయో 1901లో ప్రచురించాడు. ఆ గీతల్లో అన్నిటికంటే కిందిదాని వెంబడే ఇప్పుడు సర్జన్లు కావాలని కోస్తారు. పై పళ్ళ వేర్లకి పైన, ముక్కు అడుగున, అడ్డంగా. అప్పుడు పై దవడ పళ్ళతో సహా విడివడుతుంది. ముందుకీ పైకీ జరపొచ్చు, కొంచెం తిప్పొచ్చు కూడా. కింది దవడని రెండు పక్కలా వెనకభాగంలో, చెక్కని పొరల్లా చీల్చినట్టు, రెండు పొరలుగా చీలుస్తారు. పళ్ళున్న ముందుభాగం ఆ పొర మీద జారి ముందుకో వెనక్కో వెళ్తుంది. ట్రౌనర్, ఒబ్వెగెసర్ 1957లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది. తర్వాత వచ్చిన మార్పులతో ఇవాళ్టికీ అదే నడుస్తోంది. మూడోది, గడ్డం కొస ముక్కని ఒక్కదాన్నే కోసి జరిపే జీనియోప్లాస్టీ. ఇవన్నీ సాధారణంగా నోటి లోపలి నుంచే చేసి, టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు.

(తెలుగులో గడ్డం అంటే వెంట్రుకలు కూడా. ఈ వ్యాసంలో మాత్రం వాటి కిందున్న భాగం. చిన్న గడ్డం ఉన్న మగపిల్లలు చాలామంది మొదటిదాన్ని పెంచి రెండోదాన్ని కప్పేస్తారు, ఆపరేషన్ కంటే చవక.)

ఎముకని ఎంత జరపాలో సర్జన్ మిల్లీమీటర్లలో నిర్ణయించుకుని, పళ్ళ మధ్య పెట్టే స్ప్లింట్ అనే ప్లాస్టిక్ అచ్చు సాయంతో ఆ చోటికి చేరుస్తాడు. కానీ అద్దంలో కనపడేది ఎముక కాదు. దాని మీదున్న కండ, కొవ్వు, చర్మం. ఎముక 5 మిల్లీమీటర్లు ముందుకొస్తే దాని మీది పెదవి ఎంత ముందుకొస్తుంది? అసలు చిక్కు ఇదే.

ఈ ప్రశ్న ప్రత్యేకంగా పక్కనుంచి కనపడే ముఖం మీదే ఎందుకు నిలిచిందంటే, కారణం ఒక ఎక్స్‌రే. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హాఫ్‌రాత్ ఎవరికి వారుగా తలని ఒకే స్థితిలో బిగించి పక్కనుంచి ఎక్స్‌రే తీసే పద్ధతి తెచ్చారు. దాన్నే సెఫలోగ్రామ్ అంటారు, క్లినిక్‌లో ‘సెఫ్’ అంటే అదే. ఒకే మనిషికి ఇవాళ తీసినదీ రెండేళ్ళ తర్వాత తీసినదీ ఒకదాని మీద ఒకటి పెట్టి పోల్చొచ్చు. పైగా అందులో ఎముక గీతా చర్మం గీతా రెండూ కనిపిస్తాయి. అంటే ఆపరేషన్‌కి ముందూ తర్వాతా తీసిన ఫిల్ములు కొన్ని డజన్లు పోగేసి, ఎముక ఇంత కదిలింది, చర్మం ఇంత కదిలింది అని లెక్క తీయొచ్చు. 1970ల నుంచి పరిశోధకులు చేసిన పని అదే. వాళ్ళ దగ్గర పారదర్శకమైన ట్రేసింగ్ కాగితం, పెన్సిలు ఉండేవి. దవడ బొమ్మని విడిగా గీసి, అనుకున్నంత జరిపి, సగటు నిష్పత్తుల ప్రకారం పెదవినీ గడ్డాన్నీ మళ్ళీ గీసేవారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ గీతలకి ఫోటోని అతికిస్తుంది. మామూలు టూడీ సాఫ్ట్‌వేర్ లోపల తిరిగేది చాలావరకు ఆ పాత నిష్పత్తులే.

ఆ నిష్పత్తులు ఎలా ఉంటాయో ఒక లెక్క వేసి చూద్దాం. 24 ఏళ్ళ అబ్బాయి అనుకోండి. కింది దవడ ముందుకొచ్చి, పై దవడ లోపలికి ఉంది. కింది పళ్ళు పై పళ్ళకి బయట కొరుకుతాయి. పై దవడ 5 మి.మీ. ముందుకి, కింది దవడ 4 మి.మీ. వెనక్కి జరపాలని ప్లాన్.

గడ్డం దగ్గర లెక్క తేలిక. అక్కడ చర్మం ఎముకకి గట్టిగా అంటుకుని ఉంటుంది, కాబట్టి దాదాపు ఎముకతో పాటే వెళ్తుంది. నూటికి 90 నుంచి 100 వంతులు. 4 మి.మీ. అంటే 4 అనే రాసుకోవచ్చు. కింది పెదవి కింది పళ్ళ కదలికలో సుమారు మూడింట రెండొంతులో, కొంచెం ఎక్కువో తీసుకుంటుంది. అంటే 3 మి.మీ.కి కాస్త అటూ ఇటూ. పై పెదవి పై దవడ ముందుకొచ్చినదాంట్లో సగం నుంచి మూడింట రెండొంతులు. అంటే 3 మి.మీ. ముక్కు కొస పావు వంతో, మూడో వంతో. ఒక మిల్లీమీటరు పైచిలుకు ముందుకొచ్చి, కొంచెం పైకి లేస్తుంది.

కూడితే ఏం తేలింది? పళ్ళ మధ్య తేడా 9 మి.మీ. మారింది. పెదాల మధ్య తేడా 6 మాత్రమే మారింది. పళ్ళు సరిగ్గా కూర్చున్నంత మాత్రాన పెదాలు కూడా అంతే సరిగ్గా కూర్చుంటాయనుకుంటే ఇక్కడే తప్పుతాం.

ఇంకో మెట్టు దిగాలి. పై పెదవికి 60 శాతం అన్నది పదుల మంది మనుషుల సగటు. అందులో 40 శాతం వచ్చినవాళ్ళూ ఉంటారు, 80 శాతం వచ్చినవాళ్ళూ ఉంటారు. మన అబ్బాయికి అది 2 మి.మీ. కావొచ్చు, 4 కావొచ్చు. సాఫ్ట్‌వేర్ మాత్రం 3 అని ఒకే గీత గీస్తుంది, ఫోటోని దానికి అతికించి నున్నగా చూపిస్తుంది. పెన్సిల్ గీతని చూసి ఎవరూ అది తన కొడుకు ముఖం అనుకోలేదు. ఫోటోని చూసి అనుకుంటారు. టెక్నాలజీ పెరిగినకొద్దీ బొమ్మ నిజంలా కనపడటం పెరిగినంతగా నిజం పెరగలేదని నా అభిప్రాయం.

పెదవి ఇంత మొండిగా ఎందుకు ఉంటుంది? మొదటి సంగతి మందం. పల్చటి పెదవి వెనకున్న పన్నుని నమ్మకంగా అనుసరిస్తుంది. మందపాటి పెదవి పరుపు లాంటిది, కింద ఏం జరిగినా కొంత తనలోనే ఇముడ్చుకుంటుంది. రెండోది, పెదవికీ పంటికీ మధ్య ఖాళీ. కొందరికి పళ్ళ ముందు పెదవి ఆనకుండా కొంచెం జాగా ఉంటుంది. దవడ ముందుకొచ్చినప్పుడు ముందు ఆ జాగా నిండాలి, ఆ తర్వాతే పెదవి కదలాలి. మూడోది సర్జన్ చేయి. పై దవడకి కోత పెట్టేటప్పుడు పెదవి లోపలి పొరనీ, ముక్కు రెక్కల కిందున్న కండరాలనీ ఎముక నుంచి లేపుతారు. వాటిని తిరిగి ఎలా కుట్టారన్న దాని మీద పెదవి పొడవు, మందం ఆధారపడతాయి. మామూలుగా కుడితే పెదవి కొంచెం పొట్టిగా, పల్చగా అవుతుంది. అందుకే లోపలి పొరని ‘వీ’ ఆకారంలో పట్టి ‘వై’ ఆకారంలో కుట్టే పద్ధతి ఒకటుంది. అలా కుట్టినప్పుడు పై పెదవి ఎముకతో పాటు వచ్చే వంతు బాగా పెరుగుతుంది. అంటే పైన వేసుకున్న 60 శాతం లెక్క కుట్టుని బట్టి మారిపోతుంది. మీ డాక్టరు గారి సాఫ్ట్‌వేర్‌కి ఆయన కుట్టు తెలియదు.

కింది పెదవి ఇంకా కష్టం. అంచనాల ఖచ్చితత్వం మీద వచ్చిన పరిశోధనల్లో ఎక్కువ తప్పు పోయేది అక్కడేనని మళ్ళీ మళ్ళీ తేలింది. కింది దవడ చిన్నదై, పై పళ్ళు ముందుకున్నవాళ్ళని గమనించండి. కింది పెదవి పై పళ్ళ కింద ఇరుక్కుని, బయటికి మడతపడి ఉంటుంది. పెదవికీ గడ్డానికీ మధ్య లోతైన గాడి కూడా ఉంటుంది. దవడని ముందుకి తెచ్చాక ఆ మడత విప్పుకోవాలి. చుట్ట చుట్టిన చాప విప్పితే చివర ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పమన్నట్టు ఉంటుంది వ్యవహారం. కొందరికి చక్కగా పరుచుకుంటుంది, కొందరికి అలవాటైన మడత కొంత మిగిలిపోతుంది. పైగా కింది దవడ కోత దారిలోనే పెదవికి స్పర్శనిచ్చే నరం ఉంటుంది. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలో నెలలో పెదవి మొద్దుబారి ఉండటం మామూలే, కొందరికి ఆ తిమ్మిరి కొంత శాశ్వతంగా మిగులుతుంది. పన్ను పీకించుకున్నాక ఇంజెక్షన్ ప్రభావంలో పెదవి కొబ్బరికాయంత అయినట్టు అనిపిస్తుందే, అలాంటిది. పెదవి మీద ధ్యాస తప్పితే దాన్ని పట్టుకునే తీరు మారుతుంది, ఫోటోలో ఆ తేడా కనపడుతుంది.

నవ్వితే చిగుళ్ళు ఎక్కువ కనపడేవాళ్ళకి చేసే ఆపరేషన్‌లో పెదవి మరో రకంగా లెక్క తప్పిస్తుంది. పై దవడని పైకి ఎత్తాలి. ఒకమ్మాయికి పెదాలు వదిలేసి కూర్చున్నప్పుడు పై పళ్ళు 7 మి.మీ. కనపడుతున్నాయి, 3 మి.మీ. కనపడితే బాగుంటుందనుకుందాం. ఏడులోంచి మూడు తీస్తే నాలుగు, కాబట్టి దవడ 4 మి.మీ. ఎత్తితే సరిపోవాలి. సరిపోదు. దవడ పైకి పోయినప్పుడు పెదవి కూడా కొంత పైకి పోతుంది, సగటున ఐదో వంతు నుంచి మూడో వంతు. ఐదో వంతే అనుకున్నా, నాలుగు తగ్గాలంటే ఐదు ఎత్తాలి. అలాగని పూర్తిగా ఎత్తేస్తే ఇంకో తంటా. వయసు మీద పడేకొద్దీ పై పెదవి సాగి, పై పళ్ళు కనపడటం దానంతటదే తగ్గుతుంది. ఇరవై రెండేళ్ళకి ‘పర్ఫెక్ట్’గా ఎత్తేసిన దవడ నలభై ఐదుకి నోట్లో పళ్ళు లేనట్టు కనిపించొచ్చు. అందుకే అనుభవమున్న సర్జన్లు కొంచెం చిగురు కావాలనే వదిలేస్తారు. ఇంటికొచ్చాక “ఇంకా కొంచెం కనపడుతోంది కదా” అని సణుక్కునేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

ఇక్కడే ఇంకో గమ్మత్తు కూడా ఉంది. పై దవడ పైకి వెళ్తే కింది దవడ తలుపు మూసుకున్నట్టు, చెవి దగ్గరి కీలు మీద తిరిగి పైకి లేస్తుంది. కోత లేకుండానే గడ్డం పైకీ ముందుకీ వస్తుంది. కింది దవడ చిన్నదనుకున్న వాళ్ళలో కొందరికి నిజానికి పై దవడ కిందికి పెరిగి దాన్ని వెనక్కి తిప్పేసి ఉంటుంది. ఈ తిరుగుడుని సెఫ్ మీద బాగానే లెక్కకట్టొచ్చు.

ముందుకి తేవడం, వెనక్కి నెట్టడం రెండూ అంచనాకి సమానం కావు. దవడని కదపకుండా గడ్డం కొస ముక్కని ఒక్కదాన్నే ముందుకి తెస్తే మీది కండ దాదాపు అంతా వెంట వస్తుంది. అదే వెనక్కి జరిపితే సగమో, అంతకన్నా తక్కువో. డేరా గుంజని ముందుకి లాగితే గుడ్డ బిగుస్తుంది, ఎటు పోతుందో చెప్పొచ్చు. గుంజని లోపలికి జరిపితే గుడ్డ వదులై ఎక్కడో అక్కడ జారుతుంది. కింది దవడ బాగా వెనక్కి జరిపినవాళ్ళలో ఆ వదులు గడ్డం కింద, మెడ దగ్గర చేరి రెండో గడ్డంలా తేలే అవకాశం ఉంది. నాలుక వెనక గాలి దారి కూడా కొంత ఇరుకవుతుంది. దవడ ముందుకొచ్చిన వాళ్ళలో చాలామందికి కింది దవడ ఒక్కదాన్నే వెనక్కి తేవడం బదులు పై దవడని ముందుకి తెచ్చి పంచుకునేలా ఇవాళ ప్లాన్ చేయడానికి ఇవి కూడా కారణాలు.

మన దగ్గర ఎక్కువగా వినపడేది మాత్రం ‘ఎత్తు పళ్ళు’. పైవీ కిందివీ రెండు వరసలూ ముందుకొచ్చి, మూతి ఉబ్బెత్తుగా ఉండటం. క్లిప్పులతో తీరనంత ఉంటే, పక్క పళ్ళు తీసి, ఆ జాగాలోకి దవడ ముందుభాగాన్ని వెనక్కి జరుపుతారు. ఇదీ వెనక్కి నెట్టే వ్యవహారమే కాబట్టి పెదవి పళ్ళంత వెనక్కి రాదు. సగం నుంచి మూడింట రెండొంతులు వస్తుంది. పెదవికీ ముక్కుకీ మధ్య కోణం తెరుచుకుంటుంది. ఆత్రపడి ఎక్కువ లాగేస్తే పై పెదవి ఆధారం పోయి, ముక్కు పెద్దదైనట్టూ ముఖానికి వయసొచ్చినట్టూ కనపడుతుంది.

ఇంతకీ ఎంత వెనక్కి వస్తే ‘సరైనది’? రికెట్స్ అనే అమెరికన్ ఆర్థోడాంటిస్ట్ (క్లిప్పులు వేసే పళ్ళ డాక్టరు) ముక్కు కొస నుంచి గడ్డం దాకా ఒక గీత గీసి, పెద్దవాళ్ళలో పై పెదవి దానికి 4 మి.మీ., కింది పెదవి 2 మి.మీ. లోపల ఉండటం బాగుంటుందన్నాడు. ఇప్పటికీ చాలా రిపోర్టుల్లో ఆ గీత కనపడుతుంది. అది తెల్లవాళ్ళ ముఖాల మీద కుదిరిన కొలత. మనలో చక్కటి ముఖమని అందరూ అనే చాలామందికి పెదాలు ఆ గీతకి దగ్గరగానో, దాటో ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ‘నార్మల్’ అని పచ్చరంగులో చూపించే అంకె ఎవరి నార్మల్ అని అడగడం తప్పు కాదు. తెలుగువాళ్ళ మీద, ఇతర భారతీయుల మీద విడిగా కొలతలు తీసినవి ఉన్నాయి, వాడే డాక్టర్లూ ఉన్నారు. నిష్పత్తులకీ ఇదే వర్తిస్తుంది. పల్చటి పెదాల జనం మీద తీసిన సగటు మందపాటి పెదాల మీద అలాగే పనిచేస్తుందని అనుకోకూడదు.

సైడ్ బొమ్మ దాచే సంగతులని ముందే అన్నాను. పై దవడని ముందుకో పైకో జరిపితే ముక్కు రెక్కల అడుగు వెడల్పవుతుంది. దాన్ని ఆపడానికి రెండు రెక్కల కింద ఒక కుట్టు వేసి దగ్గరికి లాగుతారు. అయినా కొంత వెడల్పు మిగలొచ్చు. పక్కనుంచి చూసే బొమ్మలో ఇది సున్నా. మనతో మాట్లాడేవాళ్ళు చూసేది ఎదురుగా, పెళ్ళిచూపులకి వెళ్ళే ఫోటో కూడా ఎదురుగానే. అలాంటిది నిర్ణయం మాత్రం మనకి మనం ఎప్పుడూ కనపడని పక్క ముఖం చూసి తీసుకుంటున్నాం. ముక్కు ముందే వెడల్పుగా ఉన్నవాళ్ళు ఈ ఒక్క విషయం విడిగా అడగాలి.

త్రీడీ వచ్చింది కదా అంటారా. వచ్చింది, ఎముక విషయంలో చాలా మేలు చేసింది. స్కాన్ నుంచి కంప్యూటర్‌లోనే దవడ కోసి, జరిపి, స్ప్లింట్‌ని ప్రింట్ చేయడం వల్ల వంకర ముఖాల ప్లానింగ్ మునుపటికన్నా బాగా సాగుతోంది. కండ విషయం వేరు. చర్మాన్ని వేల చిన్న స్ప్రింగులు కలిపిన వలలా కొన్ని పద్ధతులు భావిస్తాయి. ఫైనైట్ ఎలిమెంట్ లాంటివి చిన్న చిన్న దిమ్మలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఇంత బిగువు అని లెక్క ఇస్తాయి. ఆ బిగువు మీ బుగ్గని నొక్కి కొలిచింది కాదు, మామూలుగా అందరికీ ఒకటే అనుకుని పెట్టింది. పైగా పెదవి పంటికి అతికి ఉండదు, దాని మీద జారుతుంది. ఆ జారుడుని లెక్కలో చేర్చని మోడళ్ళు పెదవి దగ్గరే తప్పుతాయి. ఆపరేషన్‌కి ముందూ తర్వాతా తీసిన స్కాన్లు చూసి నేర్చుకునే ఏఐ పద్ధతులు ఇప్పుడు వస్తున్నాయి. అవి ఎవరి ముఖాలు చూసి నేర్చుకున్నాయన్న పాత ప్రశ్న వాటికీ ఉంది.

స్కాన్ తీసేటప్పుడే తప్పు మొదలవడం కూడా మామూలే. కొన్ని మెషిన్లలో గడ్డాన్ని ఒక ఆసరా మీద ఆనించాలి. అక్కడి చర్మం నొక్కుకుపోయి, అదే మీ గడ్డం ఆకారంగా కంప్యూటర్‌కి ఎక్కుతుంది. పడుకోబెట్టి తీసే సీటీలో బుగ్గలు వెనక్కి జారతాయి. అన్నిటికంటే ఎక్కువ జరిగేది, పెదాలు బిగబట్టడం. పళ్ళు ముందుకున్నవాళ్ళకి నలుగురిలో నోరు బిగించి కూర్చోవడం చిన్నప్పటి అలవాటు. కెమెరా కనపడగానే తెలియకుండానే బిగిస్తారు. ఆ బిగించిన పెదవి మీద వేసిన లెక్క మొత్తం చెడుతుంది. ఫోటో తీసేటప్పుడు టెక్నీషియన్ “పెదాలు వదిలెయ్యండి” అని రెండుసార్లు చెప్పాడంటే తన పని తెలిసినవాడని అర్థం.

ఇక ‘మా సాఫ్ట్‌వేర్ తేడా 2 మిల్లీమీటర్ల లోపే’ అనే మాట. ఈ రంగంలో 2 మి.మీ. లోపు తప్పుని ఒప్పుకోదగ్గదిగా చూస్తారు. బుగ్గ మీద అది ఎవరి కంటికీ ఆనదు. పెదవి మీద ఆనుతుంది. పైగా సగటు తప్పు తక్కువ అన్నప్పుడు ఎలా సగటు తీశారో చూడాలి. ఒకరికి 2 మి.మీ. ఎక్కువ, ఇంకొకరికి 2 మి.మీ. తక్కువ అంచనా వేస్తే, ప్లస్, మైనస్ గుర్తులతోనే కలిపితే సగటు సున్నా. త్రీడీలో ముఖం మొత్తం మీద సగటు తీస్తే, ఆపరేషన్‌లో అసలు కదలనే కదలని నుదురు కూడా లెక్కలోకొచ్చి మార్కులు పెంచేస్తుంది.

ఇంకో సూక్ష్మం ఉంది, నాకు ఇది అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. చాలా పరిశోధనల్లో ఆపరేషన్ అయిపోయాక ఎముక నిజంగా ఎంత కదిలిందో కొలిచి, ఆ అంకెల్ని సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి, ‘ఇప్పుడు చర్మం ఎక్కడుంటుందో చెప్పు’ అని అడుగుతారు. సాఫ్ట్‌వేర్ సత్తా చూడటానికి అది న్యాయమైన పరీక్షే. కానీ పేషెంటు పరిస్థితి అది కాదు. ఆయనకి చూపించేది ఆపరేషన్‌కి ముందు, ప్లాన్ అంకెల మీద. ఎముక ప్లాన్ చేసిన చోటుకే చేరిందా, చేరినచోటే ఉందా, దాని మీది చర్మం అనుకున్నట్టు వచ్చిందా? మూడు తప్పులూ ఆయన ముఖం మీదే కలుస్తాయి. పేపర్‌లో అచ్చయ్యేది చాలాసార్లు మూడోది ఒక్కటే.

రెండోదానికి రీలాప్స్ అని పేరు. జరిపిన ఎముక కొంత తిరిగి వెనక్కి రావడం. అమెరికాలోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో ప్రాఫిట్ అనే ఆర్థోడాంటిస్ట్ బృందం ఏ కదలిక ఎంత నిలబడుతుందో ఏళ్ళ తరబడి చూసి 1996లో ఒక వరస చెప్పింది. పై దవడని పైకెత్తడం బాగా నిలబడుతుంది. కిందికి దించడం, పక్కలకి వెడల్పు చేయడం అంతగా నిలబడవు. కింది దవడ ఒక్కదాన్నే వెనక్కి జరపడం కూడా నమ్మకం తక్కువ వాటిలోనే ఉంది. బొమ్మ చూసేటప్పుడు మీ ప్లాన్ ఈ వరసలో ఎక్కడుందో అడగొచ్చు.

కాలం సంగతి చెప్పకపోతే ఇంట్లో గొడవలవుతాయి. ఈ చికిత్సలో మామూలుగా మొదట క్లిప్పులు, తర్వాత ఆపరేషన్, మళ్ళీ క్లిప్పులు. దవడల తేడాని కప్పడానికి పళ్ళు ఏళ్ళుగా తమంతట తామే వాలి ఉంటాయి. వాటిని ముందు నిటారు చేస్తారు. దాంతో కప్పిన తేడా బయటపడి, ఆపరేషన్‌కి ముందు నెలల్లో ముఖం మొదటికన్నా అన్యాయంగా తయారవుతుంది. డబ్బులిచ్చి చెడగొట్టించుకున్నామా అని ఇంట్లోవాళ్ళకి టెన్షన్ పట్టుకునేది అప్పుడే. మొదటి రోజు చూపించిన బొమ్మ ఈ పళ్ళ కదలికని కూడా ఊహించి గీసినది. కాబట్టి ఆపరేషన్‌కి సరిగ్గా ముందు కొత్త ఎక్స్‌రే మీద మళ్ళీ గీయించుకున్న బొమ్మకే విలువెక్కువ.

ఆపరేషన్ తర్వాత వాపు. మొదటి నెలలో సగానికి పైగా దిగిపోతుంది. మిగిలింది నిదానంగా, ఆరు నెలలు దాటి ఏడాది దాకా. పదో రోజున అద్దంలో చూసి బొమ్మతో పోల్చుకోవడం, మేనత్తలూ పిన్నులూ వచ్చి “ముందే బాగుండేది” అనడం రెండూ అనవసరపు బాధలు. ఆరు నెలలకి ముందు పోలిక పెట్టుకోకండి. ఈలోపు సరిగ్గా తినలేక తగ్గిన బరువు కూడా బుగ్గల ఆకారాన్ని మారుస్తుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ లెక్కేయదు.

ఇన్ని చెప్పాక, అసలు బొమ్మ చూపించడం మానేస్తే పోదా? కూడదనే అనుకుంటాను. చాలామంది పేషెంట్లు పై దవడ, కింది దవడ తేడా మాటల్లో పట్టుకోలేరు. బొమ్మ చూశాకే “నాకు గడ్డం వద్దు, ముక్కు కింద లోతు పోతే చాలు” అని తమకేం కావాలో చెప్పగలుగుతారు. ఆ మాట సర్జన్‌కి బంగారం లాంటిది. ప్రమాదమల్లా, ఎముకతో సంబంధం లేకుండా ఫోటోని లాగి అందంగా చేసేసే బొమ్మలతో. ఫిల్టరు వేసినట్టుండే అలాంటి వాటికి వెనక ఎక్స్‌రే ఉండదు, మిల్లీమీటర్లుండవు. తేడా కనిపెట్టడం తేలికే. “ఈ బొమ్మలో పై దవడ ఎంత జరిపారండీ, కింది దవడ ఎంత?” అని అడగండి. అంకెలు రాకపోతే అది ఫోటో ఎడిటింగ్. అంకెలు వస్తే రెండో ప్రశ్న: “పెదవి ఇంతకన్నా తక్కువ వస్తే ఎలా ఉంటుందో, ఎక్కువ వస్తే ఎలా ఉంటుందో కూడా చూపిస్తారా?” రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఈ రెంటి మధ్య ఎక్కడో వస్తుందని చెప్పే డాక్టరు ఆ ‘దాదాపు’కి కొలత ఇచ్చినట్టు.

ఆ బొమ్మ ప్రింటు ఒకటి తీయించుకుని ఫైల్లో పెట్టుకోండి. ఏడాది తర్వాత చెకప్‌కి వెళ్ళినప్పుడు తల అదే స్థితిలో, పెదాలు వదిలేసి, ఒక సైడ్ ఫోటో తీయించుకుని దాని పక్కన పెట్టి, డాక్టరు గారికీ చూపించండి. గడ్డం ఎంత కలిసిందో, పెదవి ఎంత తప్పిందో చూస్తే తన చేతి కుట్టుకి పెదవి ఎంత వస్తుందో ఆయనకీ తెలుస్తుంది. తర్వాత వచ్చే అమ్మాయికి ఏ అంకె వాడాలో కూడా.